పెళ్లి వీడియోను చెవితో ఎంచుకోవాలి

పీటల మధ్య అడ్డుతెర పట్టుకుని ఇద్దరు నిలబడతారు. తెరకు ఇటు మేనమామలు గంపలో కూర్చోబెట్టి తెచ్చిన పెళ్లికూతురు, అటు పెళ్లికొడుకు. పంతులుగారు ఒక కన్ను గడియారం మీదే ఉంచి మంత్రం చదువుతుంటారు. జీలకర్ర, బెల్లం కలిపి నూరిన ముద్దను తమలపాకులో పెట్టి ఇద్దరి చేతికీ ఇస్తారు. సరిగ్గా లగ్నానికి ఒకరి నడినెత్తిన ఒకరు ఆ ముద్ద పెట్టి అదిమి పట్టుకుంటారు. గట్టిమేళం మోగుతుంది, అక్షింతలు జల్లున పడతాయి, తెర దిగుతుంది. మన ఆంధ్ర ఆచారంలో సుముహూర్తం అంటే ఇదే. మంగళసూత్రం, తలంబ్రాలు, సప్తపది తర్వాతి మాట. నెలల తరబడి పడ్డ హైరానా అంతా ఈ అర నిమిషం కోసమే. దాన్ని పట్టి ఉంచడానికే వీడియోగ్రాఫర్‌ను పెట్టుకుంటాం. ఆ సమయానికి కెమెరా ఎక్కడ ఉంటుందని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. మైకు ఎక్కడ ఉంటుందని అడిగేవాళ్లు మాత్రం దాదాపు కనబడరు. నిజానికి అడగవలసిన మొదటి ప్రశ్న అదే. బొమ్మ బాగా తీసేవాళ్లు ఇప్పుడు ఊరూరా దొరుకుతున్నారు. పెళ్లిలో పలికిన మాటను దాచి చేతికిచ్చేవాళ్లు తక్కువ. వెతకవలసింది వాళ్లకోసం.

మన కోనసీమలో, అమలాపురంలో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని ఏ స్టూడియోకి వెళ్లినా ముందు పెద్ద టీవీలో ఒక టీజర్ వేసి చూపిస్తారు. నిడివి మూడు నిమిషాలు. కొబ్బరితోటల మీదుగా డ్రోన్ ఎగురుతుంది. గోదారి గట్టు మీద, లొల్ల లాకుల దగ్గరో అంతర్వేది ఇసుకలోనో పెళ్లికూతురు పైట గాలికి తేలుతుంది. వెనక ఒక సినిమా పాట. చూసినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది, అబద్ధం చెప్పక్కర్లేదు. తర్వాత ప్యాకేజీ కాగితం వస్తుంది: ప్రీ వెడ్డింగ్, క్యాండిడ్, ట్రెడిషనల్, డ్రోన్, క్రేన్, ఎల్ఈడీ వాల్, లైవ్, రెండు ఆల్బమ్‌లు. పెద్దవాళ్లు రెండు మూడు స్టూడియోల కాగితాలు పక్కపక్కన పెట్టి ఎవరి దగ్గర ఎన్ని ఐటమ్‌లు ఉన్నాయో లెక్క చూస్తారు, పిల్లలు ఎవరి టీజర్ బాగుందో చూస్తారు, మధ్యలో ఎక్కడో బేరం కుదురుతుంది. ఈ పద్ధతిలో మోసమేమీ లేదు. కాకపోతే పది గంటల షూటింగులోంచి ఏరి ఏరి తీసిన మూడు నిమిషాలు చూసి మిగతా తొమ్మిది గంటల యాభైయేడు నిమిషాల మీద నిర్ణయం తీసుకుంటున్నాం. పైగా ఆ మూడు నిమిషాల్లో మన గుండెను పట్టి లాగిన సగం బలం ఆ పాట కట్టిన సంగీత దర్శకుడిది. టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి అదే టీజర్‌ను రెండోసారి చూస్తే వీడియోగ్రాఫర్ వాటా ఎంతో తెలుస్తుంది.

స్లో మోషన్ సంగతి తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. సెకనుకు 100 ఫ్రేములు తీసి, వాటిని సెకనుకు 25 చొప్పున చూపిస్తే కదలిక నాలుగు రెట్లు నెమ్మదిస్తుంది. పది సెకన్ల తలంబ్రాలు నలభై సెకన్లు కురుస్తాయి. కంటికి అందమే. కానీ గొంతును నాలుగు రెట్లు సాగదీస్తే వినడానికి వీలుకాదు. అందుకే చాలా కెమెరాలు ఆ పద్ధతిలో తీస్తున్నప్పుడు శబ్దాన్ని అసలు రికార్డే చేయవు. అంటే టీజర్ కోసం గింబల్ పట్టుకుని తిరిగే క్యాండిడ్ కెమెరా తలంబ్రాలను స్లో మోషన్‌లో పట్టిందంటే, పెళ్లికూతురి నవ్వు పళ్లవరసగా మిగిలింది గాని నవ్వుగా మిగల్లేదు. ఆ పక్కనే "పొయ్యండమ్మా, ఇంకా పొయ్యండి" అని కేకలేసిన పిన్నిగారి గొంతు ఏ కార్డులోనూ ఉండదు. స్టాండు మీద నిలబెట్టిన ట్రెడిషనల్ కెమెరాకు శబ్దం వస్తుంది నిజమే. అది ఇరవై అడుగుల దూరంలో, స్పీకర్ బాక్సు పక్కన నిలబడి ఉంటుంది.

ఇదేదో కొత్తగా వచ్చిన జబ్బు కాదు. జపాన్ కంపెనీ జేవీసీ వీహెచ్‌ఎస్ క్యాసెట్‌ను 1976లో తెచ్చింది. మన పెళ్లిళ్లలోకి వీడియో 1980ల్లో వచ్చి, 90ల్లో నిలదొక్కుకుంది. భుజం మీద పెట్టుకునే పెద్ద పానసోనిక్ కెమెరా, కళ్లు చెదిరే ఫోకస్ లైటు, వైరు పట్టుకుని వెనకాలే తిరిగే కుర్రాడు — ఆ కాలం పెళ్లిళ్లకు వెళ్లినవాళ్లకు ఈ దృశ్యం బాగా గుర్తుంటుంది. ఆ కెమెరాకు మైకు ఉంది. మనుషుల మాటలు టేపు మీద పడ్డాయి కూడా. తర్వాత మిక్సింగ్‌లో వాటిని తుడిచేసి మూడు నాలుగు సినిమా పాటలు పరిచారు. చుట్టాలు పీటల మీద అక్షింతలు వేసే వరసంతా ఒక పాట, భోజనాల బంతి అంతా ఇంకో పాట. అప్పట్లో ఖరీదైన పనితనం అంటే అదే, తీసినవాళ్లను తప్పుపట్టలేం. ఇప్పుడు ఆ క్యాసెట్లు ఏమయ్యాయి? డెల్టా తేమకు బీరువాల్లో టేపు మీద తెల్లగా బూజు పట్టింది. వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి పెద్ద కంపెనీ ఫునాయ్ 2016లో వాటిని ఆపేసింది. అయినా క్యాసెట్లు పట్టుకెళ్లి, డబ్బిచ్చి, ఫైళ్లుగా మార్పించుకుంటున్నవాళ్లు ఉన్నారు. ఎందుకు? ఆ బంతిలో వడ్డిస్తున్న తాతయ్య ఇప్పుడు లేడు. అరుగు మీద కూర్చుని ఆజ్ఞలు వేస్తున్న మామ్మ లేదు. బొమ్మ మసకబారినా వాళ్లను గుర్తుపడతాం. మామ్మ పెదవులు కదులుతాయి, వినబడేది మాత్రం సినిమా పాట. ముప్పై ఏళ్ల తర్వాత ఆ కుటుంబం పోగొట్టుకున్నట్టు తెలుసుకునేది రంగునూ కాదు, నాణ్యతనూ కాదు. టేపు మీద పడి కూడా చెరిగిపోయిన గొంతును. 4కే కెమెరాలతో మనం మళ్లీ చేస్తున్నది ఆ పనే.

పెళ్లిలో చూపు కంటే మాట ఎందుకు ముఖ్యం అనేవాళ్లకు మన అనుభవంలోనే జవాబుంది. 1970ల్లో, 80ల్లో శ్రీరామనవమి నాడు తెలుగు ఊళ్లన్నీ భద్రాచలం కల్యాణాన్ని ఆకాశవాణిలో విన్నాయి. ఉషశ్రీగా అందరికీ తెలిసిన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు గారు వ్యాఖ్యానం చెబుతుంటే రేడియో ముందు కూర్చున్న ఆడవాళ్లు అక్షింతలు చేతిలో పట్టుకున్నారు. బొమ్మ ఒక్కటి లేదు. పెళ్లి చూసినట్టే ఉండేది. అదలా ఉంచి అసలు పెళ్లి అనే క్రియనే చూడండి. వరుడు ధర్మేచ, అర్థేచ అంటూ ప్రమాణం చెయ్యాలి, పంతులుగారు రెండువైపుల గోత్రప్రవరలు చదవాలి. రాజోలు, అమలాపురం చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. చర్చిలో జరిగే పెళ్లికి ప్రాణం దంపతులు పాస్టరుగారి వెనకాల పలికే ప్రమాణవాక్యాలు. నిఖాలో "కుబూల్" అన్న మాట నోటితో చెబితేనే పెళ్లి. మతమేదైనా, పెళ్లి జరిగేది పలకడం వల్ల. ఆ పలుకు వినబడని వీడియో ఎంత మెరిసినా పెళ్లిలో సగమే.

గోత్రప్రవర దగ్గర కాస్త ఆగాలి. పంతులుగారు వరుడి వైపు ముత్తాత పేరు, తాత పేరు, తండ్రి పేరు చెప్పి, వాళ్లకు ప్రపౌత్రుడు, పౌత్రుడు, పుత్రుడు అని వరుణ్ని పరిచయం చేస్తారు. వధువు వైపూ అంతే. రెండు వంశాల మూడేసి తరాల పేర్లు నలుగురి ఎదుట గట్టిగా వినబడే చోటు ఇంకోటి మన జీవితాల్లో చాలా అరుదు. ఎన్నో ఇళ్లలో ముత్తాత పేరు పిల్లలకు తెలియదు, ఆ ఒక్కరోజు వినబడుతుంది. వీడియోలో ఆ సమయానికి ఏముంటుంది? చాలాసార్లు పెళ్లికూతురి గాజుల క్లోజప్, వెనక వేణువు. అలాగే ఎదురుకోలు దగ్గర వియ్యాలవారి మర్యాదల మాటలు, కాశీయాత్రలో బావమరిది బతిమాలడం, బిందెలో ఉంగరం తీసేటప్పుడు చుట్టూ ఆడపిల్లల గోల, ఎవరో పెద్దావిడ ఒక్కర్తికే వచ్చిన పాత మంగళహారతి పాట, చివరికి అప్పగింతల్లో పాలలో చేతులు ముంచి అత్తమామలకు అప్పజెబుతూ తండ్రి సగంలో ఆపేసిన వాక్యం. ఇవన్నీ చెవికి సంబంధించినవి. మన కోనసీమ యాస కూడా వీటిలోనే ఉంది. "ఆయ్" అని సాగదీసి పలికే ఆ ఒక్క ఊ కొట్టడంలో మర్యాద, చనువు, వెటకారం ఎన్ని పలుకుతాయో ఇక్కడివాళ్లకు తెలుసు. టీవీ తెలుగు పెరిగేకొద్దీ అది పిల్లల నోట తగ్గుతోంది. పెళ్లివీడియో కుటుంబానికే గాక ఒక సీమ నుడికారానికీ దస్తావేజు అవుతుంది, మాట ఉంచితే.

ఇక్కడ ఎవరైనా అడ్డుపడతారు: మన పెళ్లిలో వినడానికి ఏముంది, గోల తప్ప? జనరేటర్ ఒకవైపు, డీజే ఒకవైపు, సన్నాయిమేళం, బాణసంచా, పిల్లల ఏడుపు. నిజమే, అందుకే దానికి పనితనం కావాలి. కెమెరాకు ఉండే చిన్న మైకు చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే తానే శబ్దం పెంచుకుంటుంది, గట్టిమేళం మోగగానే తట్టుకోలేక చితికిపోతుంది. మంగళసూత్రం కట్టే క్షణంలో చాలా వీడియోల్లో వినబడే ఆ పగిలిన బరబర శబ్దం డోలుది కాదు, మైకుది. పని తెలిసినవాడు మూడు ఏర్పాట్లు చేసుకుంటాడు. పంతులుగారి మైకు వెళ్లే సౌండ్ మిక్సర్‌ నుంచి ఒక వైరు తీసుకుని చిన్న రికార్డర్‌కు కలుపుతాడు, మంత్రం స్పష్టంగా అక్కడ పడుతుంది. పెళ్లికొడుకు ఉత్తరీయం మడతలో ఒక కాలర్ మైకు గుచ్చుతాడు, దంపతుల మధ్య గుసగుసలూ పక్కన కూర్చున్నవాళ్ల మాటలూ అందులో పడతాయి. మేళగాళ్లకు కొంచెం దూరంగా, శబ్దం మట్టం బాగా తగ్గించి ఇంకో రికార్డర్ పెడతాడు, ఎంత గట్టిగా వాయించినా అది పగలదు. తర్వాత ఎడిటింగులో మూడింటినీ బొమ్మతో జత చేస్తాడు. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, అరచేతిలో పట్టే పెట్టెలు చాలు. క్రేన్‌కూ ఎల్ఈడీ వాల్‌కూ పెట్టే డబ్బుతో పోలిస్తే దీని ఖర్చు లెక్కలోకి రాదు. లేనిదల్లా అడిగేవాళ్లు. మీరు స్టూడియోలో "మాట ఎలా రికార్డు చేస్తారండీ?" అని అడగండి. కెమెరాలోనే వచ్చేస్తుందండి అన్నాడంటే ఇంకో స్టూడియో మెట్లెక్కండి. మిక్సర్, రికార్డర్, కాలర్ మైకు అన్న మాటలు అతని నోట తడుముకోకుండా వస్తే కూర్చుని మిగతా సంగతులు మాట్లాడండి.

మాట్లాడటంతో సరిపోదు, చూడాలి. టీజర్ వద్దని చెప్పి, ఈమధ్య తీసిన ఒక పెళ్లి పూర్తి నిడివి వీడియో చూపించమనండి. ఆ కుటుంబం అనుమతి ఉన్నదే చూపించమనండి, మీ పెళ్లినీ రేపు ఎవరికో అడక్కుండా చూపించకూడదు కదా. మీ ముహూర్తం రాత్రిదైతే రాత్రి పెళ్లే చూడాలి, కొబ్బరాకు పందిట్లో అయితే పందిట్లోదే చూడాలి. పగటి ఫంక్షన్ హాల్ వీడియో చూసి తెల్లవారుజాము పందిరి పెళ్లిని అప్పగించడం కుదరదు. సుముహూర్తం, ప్రవర, అప్పగింతలు — ఈ మూడు చోట్లా కాసేపు కళ్లు మూసుకుని వినండి. ఎవరు ఎవరితో ఏమన్నారో తెలుస్తోందా? తెలిస్తే తర్వాత కళ్లు తెరిచి బొమ్మ చూడండి. హోమం పొగలో ముఖాలు నిలిచాయా, పసుపు రాసిన చెంప పసుపుగానే ఉందా లేక మైనపు బొమ్మలా నున్నగా రుద్దేశారా, ఎల్ఈడీ లైట్ల కింద తెర మీద నల్లటి చారలు మెదులుతున్నాయా. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి సెకనుకు 25 గాని 50 గాని ఫ్రేములు పెట్టి, షట్టర్‌ను దానికి తగ్గట్టు ఉంచితే చాలావరకు ఆ మినుకు రాదు. ఆ చారలు కనబడ్డాయంటే కెమెరా కొత్తదే అయినా చెయ్యి తిరగలేదన్నమాట.

ఇంత పరీక్షించి ఖాయం చేసుకున్నాక, ముహూర్తం రోజున వచ్చేది అతనేనా అన్నది ఇంకో ప్రశ్న. మన పంచాంగం తీరే దీనికి కారణం. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, మూఢం వస్తే లేవు. అది దాటగానే శ్రావణంలోనో మాఘంలోనో ఒక మంచి లగ్నం దొరికితే జిల్లాలో పెళ్లికావలసినవాళ్లంతా ఆ రాత్రి మీదే పడతారు. ఒకే రాత్రి నాలుగైదు పెళ్లిళ్లు ఒప్పుకున్న స్టూడియో యజమాని ఒకచోటికే వెళ్లగలడు. మిగతా వాటికి కాకినాడ నుంచో, రాజమహేంద్రవరం నుంచో, భీమవరం నుంచో రోజుకూలి మీద కెమెరామన్లను పిలుస్తాడు. వాళ్లలో మంచి పనివాళ్లు లేరని కాదు. కానీ మీరు చూసి మెచ్చింది ఒకరి పని, మీ పందిట్లో నిలబడేది ఇంకొకరు. కనక స్టూడియో పేరుతో బేరం కుదుర్చుకోకుండా మనిషి పేరుతో కుదుర్చుకోవాలి. పీటల ముందు నిలబడేది ఎవరు, ఎడిటింగ్ చేసేది ఎవరు అని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. ఇక హైదరాబాద్ టీమును తెప్పించాలా, ఊళ్లోవాళ్లను పెట్టుకోవాలా అన్న మీమాంస చాలా ఇళ్లలో వస్తుంది. నా ఓటు, మాటను పట్టగలిగితే, స్థానికుడికే. మన వైపు తంతుల వరస అతనికి తెలుసు. అడ్డుతెర ఎటువైపు దిగుతుందో, గంప ఏ గుమ్మంలోంచి వస్తుందో, ఏ ఇంటి ఆచారంలో ఏది ముందో అడక్కుండానే తెలుసు. గోదారి లంకలో పెళ్లయితే పడవ దాటి సామాను ఎలా తేవాలో తెలుసు. అన్నవరం కొండ మీద ఒకే లగ్నానికి పక్కపక్కన ఎన్నో పెళ్లిళ్లు జరిగేటప్పుడు మన పంతులుగారి గొంతును పక్క మండపం మైకు మింగెయ్యకుండా ఎక్కడ కూర్చోవాలో అలవాటైనవాడికి తెలిసినంతగా కొత్తవాడికి తెలియదు.

నాలుగు గంటల వీడియో ఎవరు చూస్తారండీ, అందరూ చూసేది టీజరే కదా అన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. దీన్ని కొట్టిపారెయ్యకూడదు. పెళ్లైన నెలకు పూర్తి వీడియో ఒకసారి పెట్టి, మధ్యలో లేచిపోయే ఇళ్లే ఎక్కువ. అయితే ఇంటి దస్తావేజును కూడా మనం రోజూ తీసి చదవం. అవసరమైన రోజున అందులో అన్నీ ఉండాలని దాచుకుంటాం. పూర్తి వీడియో చేసే పని కూడా అలాంటిదే. ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని తెరిచే మనిషి మొదటినుంచి చివరిదాకా చూడడు, ఫలానా మనిషి కోసం వెతుకుతాడు. ఏ మనిషి కోసం వెతుకుతాడో ఈ రోజు మనకు తెలియదు, కాబట్టి అందర్నీ ఉంచాలి. టీజర్‌లో ఎడిటర్‌కు నచ్చిన ఇరవై ముఖాలు ఉంటాయి. వంటవాళ్ల దగ్గర నిలబడి పులిహోర రుచి చూస్తున్న పెదనాన్న వాటిలో ఉండడు. పిల్లల సరదా కాదనమంటారా అని ఇంకొందరు అడుగుతారు. కాదనక్కర్లేదు. దిండి రిసార్టు దగ్గరో, ఓడలరేవు ఒడ్డునో తీయించుకునే ప్రీ వెడ్డింగ్ షూట్ వాళ్ల ముచ్చట, తీర్చుకోనివ్వండి. అది ఎప్పుడైనా మళ్లీ తీసుకోవచ్చు, వాన పడితే మర్నాటికి వాయిదా వేసుకోవచ్చు. ప్రవర మళ్లీ చదివించలేం. డబ్బు చాలకపోతే మొదట కోత పడవలసింది మళ్లీ తీసుకోగలిగినదానికి. చేతిలో ఫోన్లున్నాయి కదా, వీడియోగ్రాఫర్ ఎందుకు అనే మాట ఈ మధ్య వినబడుతోంది. పీటల చుట్టూ ఫోన్లు ఎత్తిపట్టిన చేతులు పెళ్లినే కప్పేస్తున్నాయి, వాటిలో పడ్డ మాట ముక్కలు ముక్కలుగా పది ఫోన్లలో ఉండిపోతుంది, వాట్సాప్‌లో పంపగానే నలిగి వస్తుంది. అయినా వారంలోపు చుట్టాలందర్నీ అడిగి అసలు ఫైళ్లు సేకరించుకుంటే ఆడవాళ్ల గదిలోనో, కారులోనో కెమెరామన్ లేని చోట దొరికిన మాటలు వాటిలో ఉంటాయి. అవి అదనం, మూలధనం కాదు.

కోనసీమలో ఇంకో ప్రత్యేకమైన అవసరం ఉంది. రాజోలు, మలికిపురం, పి.గన్నవరం వైపు కువైట్‌లోనో ఖతార్‌లోనో ఒక్క మనిషైనా లేని వీధి కనబడటం కష్టం. సెలవు దొరక్క చెల్లి పెళ్లికి రాలేని అన్న, బిడ్డ పెళ్లిని అరబ్బుల ఇంట్లో వంటగదిలో ఫోన్ పట్టుకుని చూసే తల్లి ఉన్నారు. వాళ్ల కోసం పెట్టే లైవ్ లింకును ప్యాకేజీలో ఒక ఐటమ్‌లా చూడకూడదు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, ఇక్కడ రాత్రి రెండు గంటల లగ్నం అక్కడ పదకొండున్నర. పని ముగించుకుని కూర్చున్న తల్లికి తెర మీద బొమ్మ అప్పుడప్పుడు ఆగినా మంత్రం, మేళం వినబడుతుంటే పీటల దగ్గర ఉన్నట్టే ఉంటుంది. శబ్దం పోతే ఆ బొమ్మ ఆమెకు ఏమీ చెప్పదు. తోటల మధ్య సిగ్నల్ నిలకడగా ఉండదు కనక రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకుంటున్నాడా, మిక్సర్ శబ్దాన్ని లైవ్‌కు కూడా ఇస్తున్నాడా, ముందురోజు పందిట్లోనే ఒకసారి పరీక్షించి చూస్తాడా అని అడగండి. లైవ్‌కు వెళ్లిన అతుకుల వీడియోనే తర్వాత పూర్తి వీడియోగా ఇవ్వకుండా, కెమెరాలో విడిగా రికార్డు చెయ్యమని కూడా చెప్పండి.

డ్రోన్ గురించి ఎక్కువ చెప్పను. కొబ్బరితోట పైనుంచి అందంగానే ఉంటుంది. అయితే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేసేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నిషిద్ధ ప్రాంతాల్లో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ఇవి చూపించమనండి. ఊరేగింపు మీద ఎగరేసుకోమనండి, ముహూర్తం వేళ పందిరి మీదికి మాత్రం రానివ్వకండి. జనం తలల మీద పడితే ప్రమాదం, పడకపోయినా ఆ తుమ్మెద రొద మంత్రాల రికార్డింగులోకి దిగిపోతుంది.

ఇక కాగితం. ఏ మనిషి వస్తాడు, ఎన్ని కెమెరాలు, మాట ఎలా రికార్డు చేస్తాడు, పూర్తి వీడియో ఎంత నిడివి, ఎన్ని రోజులకు ఇస్తాడు, ఎడిట్ చెయ్యని ఫైళ్లు ఇస్తాడా, డబ్బు ఏ విడతకు ఎంత — ఇంతే, ఒక పేజీ చాలు. చివరి విడత డబ్బు వీడియో చేతికొచ్చి, విని, చూసుకున్నాకే ఇచ్చేట్టు రాసుకోవాలి. ఆలస్యాలకు దీన్ని మించిన మందు లేదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, ఫిలిముకు మొదటి హక్కుదారు ఆ తీయించుకున్న మనిషే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. ఈ "వేరే ఒప్పందం" అన్న ముక్క చిన్న అక్షరాల్లో స్టూడియో రసీదు వెనక ఉండవచ్చు. చదవకుండా సంతకం పెడితే మన అమ్మాయి పెళ్లి రీలు వాళ్ల ప్రకటన అయిపోతుంది. పాటల విషయంలోనూ చట్టం ఉంది. పెళ్లి వేడుకలో సినిమా పాట వేసుకోవడాన్ని అదే చట్టం 52వ సెక్షన్ ఉల్లంఘనగా లెక్కించదు, 2023 జులైలో కేంద్రం దాన్ని మరోసారి స్పష్టం చేసింది. ఆ మినహాయింపు వేడుక వరకే. ఆ పాటను వీడియోకు అతికించి యూట్యూబ్‌లో పెడితే శబ్దం కట్టేయవచ్చు, వీడియోనే ఆపేయవచ్చు. మేళం, మంత్రం, మనుషుల మాటలు ఉన్న వీడియోకు ఆ బెడద చాలా తక్కువ. ఒప్పుకున్న పని చెయ్యకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. దారి తెలియకపోతే 1915 నంబరుకు ఫోన్ చెయ్యవచ్చు. ఎంత గెలిచినా వచ్చేది పరిహారమే, పోయిన పెళ్లి రాదు. అందుకే ముందు కాగితం.

ఆఖరికి దాచుకోవడం. 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన గంటకు 45 జీబీ అవుతుంది. మూడు కెమెరాలు ఆరు గంటలు తిరిగితే 810 జీబీ. పెళ్లి పెట్టెలో అందంగా అమర్చి ఇచ్చే చిన్న పెన్‌డ్రైవ్‌లో అది పట్టదు, ఒక టీబీ హార్డ్‌డిస్కు మీరే కొనివ్వాలి. అదే ఆరు గంటల శబ్దం, మంచి నాణ్యతతో విడిగా రికార్డు చేసినా, ఆరు జీబీ చిల్లర. పెళ్లి మొత్తం పలికిన మాటలు ఒక పెన్‌డ్రైవ్ మూలన పడతాయి. ఎడిటింగ్ అయ్యాక ఆ శబ్దం ఫైళ్లను చాలామంది చెరిపేస్తారు, కాబట్టి విడిగా అడిగి తీసుకోండి. ఏదైనా రెండు కాపీలు, రెండు ఇళ్లలో ఉండాలి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఇళ్ల పైకప్పులనే ఎత్తుకుపోయిన సీమ ఇది, 2022 జులై వరదలో లంకగ్రామాలు నీళ్లలో మునిగిన సీమ ఇది. వియ్యాలవారిలో ఒకరి ఇల్లు లంకలో ఉంటే రెండో కాపీ ఏటిగట్టుకు ఇవతల ఉన్నవాళ్ల ఇంట్లో పెట్టండి. డిస్కుతో పాటు ఒక నోటుపుస్తకం కూడా. పదహారు రోజుల పండగ లోపు, అన్నీ ఇంకా గుర్తుండగానే, ఇంట్లో ఒక పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని వీడియో వేసి, ఏ నిమిషంలో వినబడుతున్న గొంతు ఎవరిదో, ఆ హారతి పాట పాడింది ఏ వరస మనిషో, ఆవిడ చెబుతుంటే రాసుకోండి.